కార్ ఏసీ బ్లోయర్ వైరు: టేపు చుట్టాలా, సోల్డర్ పెట్టాలా, క్రింప్ కొట్టాలా?

మే నెల్లో పర్లాకిమిడి నుంచి గుణుపూర్ పెళ్లికి వెళ్తుంటే కాశీనగర్ దాటాక బ్లోయర్ (ఏసీ గాలి తోసే ఫ్యాను) ఒకటి రెండు మూడు స్పీడ్ల మీద ఆగిపోయి నాలుగులోనే తిరిగింది, కాసేపటికి అదీ పోయి గ్లవ్ బాక్స్ కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన. దింపి చూస్తే రెసిస్టర్ (ఫ్యాన్ స్పీడు తగ్గించేది) కప్లర్లో, అంటే దానికి వైర్లు తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గులో, ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ బెల్లంపాకంలా కరిగి కారింది. రోడ్డు పక్క షాపాయన కప్లర్ కోసేసి వైర్లు మెలిపెట్టి "ఏటవ్వదు బాబూ, టేపు సుట్టీసేను కదా, నువ్వెల్లిపో" అన్నాడు. వెళ్లాను. వానాకాలం రాకముందే మళ్లీ అదే వాసన.

అప్పుడు మీటర్ పెట్టాను. బ్లోయర్ ఫుల్లో పెట్టి ఆ టేపు జాయింటుకి అటూ ఇటూ ప్రోబులు ఆనిస్తే 1.5 వోల్టులు అక్కడే తినేస్తోంది. ఫుల్ స్పీడ్లో నా మోటార్ లాగేది 15 ఆంపియర్లు, రెండూ గుణిస్తే 22.5 వాట్లు. మనం రేడియోలు బాగుచేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే కదా, అంటే డాష్‌బోర్డు వెనక ఒక ఐరన్ ఆన్ చేసి వదిలేసినట్టే, టేపు జిగురు కారిపోదా మరి.

సోల్డర్ బాగుంటుందని చాలామంది అంటారు, నేనూ అనేవాణ్ణే. కానీ సీసం వైరు పోగుల్లోకి పాకి అక్కడ కడ్డీలా బిగుసుకుపోతుంది, మన గతుకుల్లో ఊగి ఊగి సరిగ్గా ఆ కడ్డీ అయిపోయే చోటే తెగుద్ది. ఏసీ సెన్సర్ లాంటి సన్న వైర్లకి, కదలకుండా క్లిప్పు వేస్తే, సోల్డర్ చాలు. బ్లోయర్‌కి మాత్రం నేను పెట్టను.

నా ఓటు క్రింప్‌కే, అంటే వైరు పోగుల మీద లోహపు గొట్టం నొక్కి బిగించడానికే, అయితే కటింగ్ ప్లేయర్‌తో నొక్కడం క్రింప్ కాదు. పూర్తిగా నొక్కేదాకా వదలని రాచెట్ క్రింపర్ కావాలి, 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరుకి నీలం రంగు లగ్గు (నొక్కే ఆ గొట్టమే), ఎరుపు వేస్తే పోగులు పట్టవు. నొక్కాక గట్టిగా లాగి చూడాలి. స్లీవ్ (జాయింటు మీద కప్పే తొడుగు) ముందే వైరులోకి ఎక్కించాలి, నేను ప్రతిసారీ మర్చిపోయి నన్ను నేనే తిట్టుకుంటాను. వైరుతో సహా వచ్చే కొత్త కప్లర్ కట్టి ఇలా బిగించాక అదే జాయింట్ మీద 0.04 వోల్టులే చూపించింది.

ఇంకొందరు బ్యాటరీ నుంచి డైరెక్టుగా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు) వెయ్యమంటారు. స్విచ్చే కాలిపోతుంటే సరే, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి వేసుకోండి, కప్లర్ ఒక్కటే కరిగితే ఆ ఖర్చు దండగ.

ఒకటి మాత్రం చూసుకోండి, మోటార్ బిగుసుకుంటే కరెంటు ఎక్కువ లాగి కొత్త కప్లర్‌ని కూడా కరిగిస్తుంది. నాది విప్పి చేత్తో తిప్పితే గరగరమంది, ఫ్యాన్ రెక్కల సందుల్లో గుప్పెడు ఎండు వేపాకులు, కారు రోజూ పెట్టేది మా ఇంటి ముందు వేపచెట్టు కిందే మరి.