రోమ్‌లో తొలి క్రైస్తవ కుటుంబాల జాడలు: చూసిన చోట్లు, దిగిన బస

రోమ్ వెళ్లే మనవాళ్ల యాత్రలో సెయింట్ పీటర్స్ బసిలికా, వాటికన్ మ్యూజియం, కొలోసియం తప్పకుండా ఉంటాయి. ఉండాలి కూడా. కానీ ఆ పెద్ద బసిలికాలు మొదలైంది 313లో కాన్‌స్టాంటైన్ క్రైస్తవులకు స్వేచ్ఛ ఇచ్చిన తర్వాతే. అంతకుముందు రెండున్నర శతాబ్దాల పాటు విశ్వాసం నిలిచింది ఇళ్లలో. పౌలు రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయంలో అకుల, ప్రిస్కిల్ల దంపతులకూ, వారి ఇంట ఉన్న సంఘానికీ వందనాలు చెబుతాడు. వాళ్లు డేరాలు కుట్టుకుని బతికినవాళ్లు. క్లౌదియ చక్రవర్తి యూదులను వెళ్లగొట్టినప్పుడు కొరింథుకు వెళ్లి, తరువాత మళ్లీ రోమ్ చేరారు. మన ఊళ్లలో ఇప్పటికీ ఇంటింటా కూడికలు జరుగుతాయి కాబట్టి అలాంటి ఇల్లు ఎలా ఉండేదో చూడాలన్న కోరిక మాకు మొదటి నుంచీ ఉంది. మావారు, నేను, పదో తరగతి చదివే మా అమ్మాయి, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య కలిసి అక్టోబరులో బయలుదేరాం. అలాంటి కుటుంబంతో వెళ్లేవారికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు బస గురించి చెబుతాను. మొదట టెర్మినీ స్టేషను దగ్గర ఒక హోటల్లో దిగాం. లిఫ్టు పనిచేయలేదు, గది మూడో అంతస్తులో. అత్తయ్యకు ఆ మెట్లు నరకమే అయ్యాయి. తరువాత కొలోసియం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో కన్యస్త్రీలు నడిపే అతిథి గృహానికి మారాం. గదిలో ఇరుకైన మంచాలు, ఒక బల్ల, గోడకు సిలువ. టీవీ లేదు. వేడినీళ్లు కాస్త ఆలస్యంగా వచ్చేవి. రాత్రి పదకొండుకు వీధి తలుపు మూసేస్తారు. అయినా ఇల్లంతా అద్దంలా ఉంటుంది, లిఫ్టు ఉంది, వెనుక నారింజ చెట్ల తోటలో అత్తయ్య ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. తలకు ఇంత అని నగరపాలక పన్ను విడిగా కట్టాలి, అది ఎక్కడ దిగినా తప్పదు. వంటకు మాత్రం వీలు లేదు. అన్నం లేనిదే గడవని వాళ్లయితే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోవడం మేలు. ఎస్క్విలినో మార్కెట్లో బియ్యం, పప్పు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి. పెద్దవాళ్లతో వెళ్లేవారికి మాత్రం నా ఓటు మఠం అతిథి గృహానికే. నెలల ముందే రాసి అడగాలి.

మొదట చూడవలసింది, నా లెక్కలో, సలారియా రోడ్డులోని ప్రిస్కిల్ల భూగర్భ సమాధులు. ఈ ప్రిస్కిల్ల బైబిల్లోని ఆవిడ కాదు. స్థలం ఇచ్చిన ఒక ఉన్నత కుటుంబపు స్త్రీ అని చరిత్రకారుల అభిప్రాయం. బెనెడిక్టైన్ కన్యస్త్రీలు దీని బాగోగులు చూస్తారు. సోమవారం సెలవు. టిక్కెట్టులోనే గైడు ఖర్చు కలిసి ఉంటుంది, విడిగా లోపలికి పంపరు, ఫొటోలు తీయనివ్వరు. మా గైడు చిన్న గుంపునే తీసుకెళ్లి, ప్రతి మలుపులోనూ అత్తయ్య వచ్చేదాకా ఆగింది. లోపల చల్లగా ఉంటుంది, శాలువా ఉండాలి.

క్రైస్తవులు ఇక్కడ దాక్కుని బతికారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇవి శ్మశానాలు. మెత్తని రాతి నేలను తొలిచి, రెండు వైపులా రైలు బెర్తుల్లా ఒకదానిపై ఒకటి గూళ్లు చెక్కారు. వర్ధంతి రోజున కుటుంబాలు వచ్చి, సమాధుల దగ్గర కలిసి భోజనం చేసేవి. సమాధుల పండుగకు మనం పూలు, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్లినట్టే కదా అని అత్తయ్య అడిగితే గైడు అవునంది.

ఇక్కడి ముసుగు స్త్రీ గది కోసమే ఇంత దూరం రావచ్చు. మూడో శతాబ్దం చివరి భాగపు చిత్రం. మధ్యలో తలపై ముసుగు, ముదురు రంగు వస్త్రం, చేతులు రెండూ పైకెత్తి ప్రార్థిస్తున్న స్త్రీ. కళ్లు చాలా పెద్దవి, చూపు పైకి ఉంది. ఎడమ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, ఆయన ముందు ఒక యువతి. అది పెళ్లి దృశ్యమని కొందరు, చదువు చెప్పే దృశ్యమని కొందరు అంటారు. కుడి పక్కన కుర్చీలో కూర్చుని బిడ్డను ఎత్తుకున్న తల్లి. మూడు చోట్లా ఉన్నది ఆ సమాధిలోని స్త్రీయే అయితే ఆమె జీవితమంతా ఆ గోడ మీదే ఉంది. పై కప్పులో మేకను భుజాన వేసుకున్న కాపరి.

ఆ గది నుంచి బయటికి వచ్చాక నన్ను కదలనివ్వనివి చిన్న గూళ్లు. రెండు జానలు కూడా లేనివి ఎన్నో ఉన్నాయి. రోమ్‌లో బిడ్డ పుడితే పెంచాలా వద్దా అన్నది తండ్రి నిర్ణయం. వద్దనుకుంటే బయట వదిలేయడం చట్టం ఒప్పుకున్న పని. క్రైస్తవులు అందరిలాగే పెళ్లాడతారు, పిల్లల్ని కంటారు, కాని కన్నబిడ్డల్ని పారవేయరు అని రెండో శతాబ్దం నాటి దియోగ్నేతుకు రాసిన లేఖ చెబుతుంది. ఆ మాటకు సాక్ష్యం ఈ గూళ్లేనని నేను తేల్చి చెప్పను, ఎందుకంటే క్రైస్తవేతరులూ పిల్లలకు ప్రేమగా సమాధులు కట్టారు. కానీ సున్నం ఆరకముందే గూటి అంచున ఒక గాజు ముక్కో, నాణెమో, బొమ్మో అదిమి గుర్తు పెట్టుకున్న తల్లిదండ్రులు ఉన్నారు. రాళ్ల మీద వయసు ఏళ్లు, నెలలు, రోజుల లెక్కన చెక్కించారు. రోజులు కూడా లెక్కపెట్టారంటే ఆ బిడ్డ ఆ ఇంటికి ఏమిటో తెలుస్తుంది.

అప్పియా రోడ్డులోని కల్లిస్తు భూగర్భ సమాధులు ఎక్కువ పేరున్నవి, ఎక్కువ రద్దీ ఉన్నవి కూడా. 118 నంబరు బస్సు వెళుతుంది కానీ గంటల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు. బుధవారం మూసి ఉంటుంది. గుంపు పెద్దది, గైడు పరుగెత్తించాడు, మెట్లు కూడా ఎక్కువ. అత్తయ్యను పైన తోటలో కూర్చోబెట్టాం. స్థలం కన్నా దాని వెనుక కథే నాకు విలువైనదిగా అనిపించింది. కల్లిస్తు ఒకప్పుడు బానిస. తరువాత ఈ శ్మశానానికి అధికారి, 217 ప్రాంతంలో పోపు. బానిసలకు రోమన్ చట్టంలో పెళ్లి లేదు. కలిసి బతకవచ్చు, కాని యజమాని ఎప్పుడైనా విడదీసి అమ్మవచ్చు. పెద్దింటి ఆడవాళ్లు బానిసనో, తక్కువ స్థాయి వాడినో భర్తగా ఎంచుకుంటే కల్లిస్తు ఆ పెళ్లిని సంఘంలో గుర్తించాడని ఆయన విరోధి హిప్పొలితు కోపంగా రాశాడు. అలా విరోధి రాసిన తిట్టే మనకు సమాచారమైంది. మరో పోపు కొర్నేలియు (ఆయన సమాధి ఇక్కడే ఉంది) 251లో రాసిన లేఖ ప్రకారం రోమ్ సంఘం 1500 మందికి పైగా వితంతువులనూ, దిక్కులేనివారినీ పోషించేది. భర్త పోతే మళ్లీ పెళ్లి చేసుకోవాలని చట్టం ఒత్తిడి చేసిన నగరంలో, అక్కర్లేదనుకున్న స్త్రీకి అన్నం దొరికే చోటు ఒకటి ఉందన్నమాట.

ఇళ్లు చూడాలంటే చేలియో కొండకు రావాలి. సెయింట్ జాన్, పాల్ బసిలికా (వీళ్లు అపొస్తలులు కాదు, రోమ్‌లోని హతసాక్షులు) కింద ఇరవైకి పైగా గదులు ఉన్నాయి. 1887లో ప్యాషనిస్ట్ అనే సన్యాస సభకు చెందిన జెర్మానో గురువు వీటిని కనుగొన్నారు. లోపలికి వెళ్లేముందు పక్క సందులో నిలబడి చర్చి గోడను చూడండి. ఇటుకలతో పూడ్చిన కిటికీలు వరుసగా కనిపిస్తాయి. కింద దుకాణాలు, పైన వాటాలు ఉన్న పాత అద్దె ఇంటి ముఖభాగం అదే. దాన్నే చర్చి గోడగా వాడుకున్నారు. చర్చి కట్టకముందే అది ఒక సంపన్నుడి ఇల్లైంది. ఒక గదిలో పూలదండలు పట్టుకున్న రెక్కల కుర్రాళ్లు, పక్షులు. ఇంకో చోట అన్యదేవతల చిత్రం. మరో గదిలో చేతులెత్తి ప్రార్థించే మనిషి. అన్నీ ఒకే ఇంట్లో. ఈ ఇంట్లో మొదటి శతాబ్దం నుంచే సంఘం కూడిందని ఒక టూరు గైడు ఆర్భాటంగా చెప్పడం విన్నాం. నాలుగో శతాబ్దానికి ముందు ఇక్కడ క్రైస్తవ ఆరాధన జరిగిందనడానికి గట్టి ఆధారం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఈ ఇంటి గొప్పతనం తగ్గదు. టిక్కెట్టు ఖరీదు తక్కువ, జనం లేరు, అయితే తెరిచే రోజులు మారుతుంటాయి కాబట్టి ముందే చూసుకోవాలి. ఎదురుగా సెయింట్ గ్రెగరీ చర్చి ఆవరణలో మదర్ తెరెసా సిస్టర్ల మఠం ఉంది. చీర కట్టు చూసి అత్తయ్య ముఖం వెలిగిపోయింది.

సెయింట్ క్లెమెంట్ చర్చిలో పన్నెండో శతాబ్దం నుంచి ఒకటో శతాబ్దం దాకా కిందికి దిగుతూ పోవచ్చు. అద్భుతమే, కానీ కుటుంబ జీవితం గురించి అక్కడ తెలిసేది తక్కువ. వాటికన్ మ్యూజియంలో మాత్రం తొలి క్రైస్తవ శిల్పాలున్న పియో క్రిస్టియానో విభాగాన్ని వదలకండి. అందరూ సిస్టైన్ చాపెల్‌కు పరుగెడతారు, ఇక్కడ ప్రశాంతంగా చూడవచ్చు. నాలుగో శతాబ్దపు ఒక పెద్ద రాతి శవపేటిక మీద బైబిలు కథలన్నీ పూర్తిగా చెక్కి, మధ్యలో గుండ్రని చట్రంలో భార్యాభర్తలను పెట్టారు. వాళ్ల ముఖాలు మాత్రం చెక్కకుండా వదిలేశారు. మా అమ్మాయి అక్కడే చాలాసేపు నిలబడింది.

రోమ్‌కు పాత రేవు పట్టణమైన ఓస్తియా శిథిలాలకు ఒక పూట పూర్తిగా కేటాయించాలి. పిరమిడె మెట్రో స్టేషను పక్క నుంచి అరగంట రైలు, నగరపు మామూలు టిక్కెట్టే చెల్లుతుంది. సోమవారం సెలవు. నేల చదునే కానీ పాత రాళ్ల దారి, మంచి చెప్పులు కావాలి, నీడ తక్కువ. డయానా ఇల్లు అనే అద్దె భవనం చూస్తే సామాన్యులు ఎలా బతికారో అర్థమవుతుంది. వెలుతురు లేని చిన్న గదులు, అందరికీ నడిమి వాకిట్లో ఒకటే నీటి తొట్టి. అదే వీధిలో పాలరాతి గట్టుతో ఉన్న పూటకూళ్ల అంగడి, గోడ మీద తినుబండారాల బొమ్మలు. సంఘం రొట్టె విరిచిన ఇళ్లలో ఎక్కువ భాగం ఇంత ఇరుకుగానే ఉండి ఉంటాయి.

తరువాత ఆఫ్రికాలో బిషపు అయిన క్రైస్తవ పండితుడు అగస్టీను తల్లి మోనిక 387లో చనిపోయింది ఈ ఊళ్లోనే. శిథిలాల పక్క గ్రామంలోని సెయింట్ ఔరియా చర్చిలో ఆమె సమాధి రాయి ముక్క ఉంది. 1945లో పిల్లలు ఆట కోసం స్తంభం పాతడానికి గొయ్యి తవ్వితే బయటపడింది. ఆ చర్చి బల్ల మీద కూర్చుని అగస్టీను తల్లి గురించి రాసిన భాగం మావాళ్లకు చెప్పాను. భర్త పత్రికియు అన్యుడు, కోపిష్ఠి, ఇతర స్త్రీలతో తిరిగినవాడు. పనివాళ్లు చాడీలు చెప్పి అత్తను మోనిక మీదికి ఎగదోశారు. మోనిక ఓర్పుతో అత్త మనసు గెలిచింది. నిజం తెలిసిన అత్త కొడుకుతో చెప్పి ఆ పనివాళ్లను కొరడాలతో కొట్టించింది. అంతా విని అత్తయ్య, "అత్తాకోడళ్లు కలిసినందుకు సంతోషమే గాని, ఆ పనిపిల్లల్ని కొట్టించడం నాకు నచ్చలేదమ్మా" అంది. నాకూ నచ్చలేదు. దాదాపు పదిహేనేళ్లు తనతో కాపురం చేసి కొడుకును కన్న స్త్రీని అగస్టీను ఆఫ్రికాకు పంపేశాడు, ఆమె పేరైనా రాయలేదు. ఆ కొడుకు అదెయొదాతు నానమ్మ ఊపిరి ఆగగానే బిగ్గరగా ఏడ్చాడు. ఈ కుటుంబాలను పటంలో పెట్టి పూజించడానికి కాక, తెలుసుకోవడానికి వెళ్లాలని నేను గట్టిగా నమ్ముతాను.

తక్కువ రోజులే చేతిలో ఉంటే ప్రిస్కిల్ల, చేలియో ఇళ్లు, ఓస్తియా చాలు. కల్లిస్తును వదిలేయవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో అవకాశం ఉంది. 313కు ముందు కాలపు గృహ సంఘంగా అనుమానం లేకుండా తేలిన ఇల్లు సిరియాలో, యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపస్‌లో బయటపడింది. 240 ప్రాంతంలో ఒక మామూలు ఇంట్లో రెండు గదుల మధ్య గోడ తీసేసి కూడిక గది చేసుకున్నారు. అక్కడి బాప్తిస్మపు గది గోడ చిత్రాలు న్యూ హేవెన్‌లోని యేల్ విశ్వవిద్యాలయ కళా ప్రదర్శనశాలలో ఉన్నాయి. ప్రవేశం ఉచితం.