ఆత్మకూరు అడవి దారిలో వసంతకాలపు ప్రయాణం: జలపాతాల కోసం వెళ్లేవారికి ఒక సమీక్ష

కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం చేరే సుమారు 180 కిలోమీటర్ల దారిలో చాలా ఏళ్లుగా, అన్ని కాలాల్లోనూ, సొంత కారులో తిరుగుతున్నాను. శివరాత్రి రద్దీ తగ్గాక, ఉగాదికి కన్నడ భక్తుల రాక మొదలయ్యేలోగా ఈ దారి ఎలా ఉంటుందో, ఆ రోజుల్లో జలపాతాలు చూడదలచినవారికి ఏమి దొరుకుతుందో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. ఫాల్గుణంలో దారికి నిండు మార్కులు వేయవచ్చు గాని, నీటికి సగానికి మించి వేయలేము.

ఆత్మకూరు వరకు పొలాల మధ్య సాగే రోడ్డు గురించి, నందికొట్కూరులో తినే ఉగ్గాని బజ్జీ తప్ప, చెప్పుకోదగ్గది లేదు. ఆత్మకూరు దాటి బైర్లూటి వైపు సాగితే నల్లమల మొదలవుతుంది. ఇది 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటిలోకీ పెద్దది. (2022లో జిల్లాలు విడదీశాక ఆత్మకూరు వైపు అడవి నంద్యాల జిల్లాలోకి వెళ్లింది గాని, కర్నూలువారికి ఇప్పటికీ ఇది మన అడవే.) వానాకాలంలో ఇక్కడ పచ్చదనం రోడ్డు అంచు దాకా కమ్ముకొని, పది గజాల అవతల ఏముందో కనబడదు. వసంతంలో ఆకు రాలిపోవడం వల్ల ఎండిన వాగుల బండలు, లోయల అంచులు, మేస్తున్న దుప్పులు దూరం నుంచే కనిపిస్తాయి. ఆకు ఒక్కటీ లేని కొమ్మల మీద మోదుగ ఎర్రగా, కొండగోగు పసుపుగా పూసి ఉండగా, ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ ఈ రోడ్డు మీద వెళ్లడం కోసమే నేను ఏటా ఈ కాలాన్ని ఎంచుకుంటాను. ఎండుటాకు నిండిన నేల కాబట్టి, కారులోంచి సిగరెట్టు విసిరేవారు ఈ దారికి రాకపోవడమే మేలు.

దోర్నాల నుంచి శ్రీశైలానికి సుమారు 50 కిలోమీటర్ల ఘాట్ రోడ్డులో మలుపుల దగ్గర బస్సులు వేగంగా ఎదురొస్తాయి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అలాగే ఉంచకుండా రెండో గేరులో దిగడం మంచిది. చాలా దూరం ఫోను సిగ్నలు ఉండదు. పెట్రోలు ఆత్మకూరులోనే నింపుకోవాలి. కోతులకు తిండి వేయడానికి కారు ఆపేవారి వల్ల వెనక వచ్చేవారికి కలిగే ప్రమాదం ఇంతా అంతా కాదు.

ఇక నీటి విషయం. నల్లమల కొండల పైభాగాన గట్టి క్వార్ట్‌జైట్ రాయి, అనేక చోట్ల దాని కింద పలకరాయి ఉంటాయి. వానాకాలంలో పగుళ్ల గుండా ఇంకిన నీరు పలకరాయి దగ్గర అడ్డుపడి, పక్కకు మళ్లి ఊటగా బయటికి వస్తుంది. అందుచేత వాన నీటి మీద మాత్రమే ఆధారపడిన జలపాతాలు మాఘం నాటికే బండలుగా మిగిలిపోతే, ఊట ఉన్న చోట్ల సన్నని ధార అయినా నిలుస్తుంది. శ్రీశైల శిఖరం దాటాక, హటకేశ్వరం గుడికి దగ్గరలో మెట్లు దిగితే కనిపించే ఫాలధార–పంచధార అటువంటిదే. దానిని జలపాతం అనలేము, కొండ రాతి కిందినుంచి జారే ధారలు మాత్రమే. అయినా ఈ కాలంలో నమ్ముకొని వెళ్లదగినది అదొక్కటే.

శ్రీశైలం నుంచి ఆనకట్ట దాటి తెలంగాణ వైపు వటవర్లపల్లి దాకా వెళ్లి, అక్కడినుంచి పక్కకు తిరిగితే మల్లెల తీర్థం జలపాతం వస్తుంది. కార్తీకంలో చూసిన జోరును తలచుకొని మార్చిలో వెళ్లేవారు నిరాశపడతారు, ఎందుకంటే అప్పటికి నీరు బండ మీద విడివిడి పాయలుగా మాత్రమే దిగుతుంది. లోయలోని చల్లదనం, నీడ మాత్రం తగ్గవు. అయితే మూడు వందలకు పైగా మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి గనుక, మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తీసుకువెళ్లమని చెప్పలేను. ఆనకట్ట గేట్ల నుంచి నీరు దూకడం చూడాలనుకునేవారు కృష్ణకు వరద వచ్చే నెలల దాకా ఆగవలసిందే.

నీరే ముఖ్యమనుకుంటే, నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్లి, ఎగువ అహోబిలం నుంచి భవనాశి ఏటి వెంట జ్వాలా నరసింహ సన్నిధికి నడిచే దారి ఉంది. కానీ దానికి కూడా వానలు వెనుకబట్టిన వెంటనే వచ్చే రోజులే తగినవి. పైగా అది కారు ప్రయాణం కన్నా కాలినడకకు చెందినది.

అడవి దారిని రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసివేస్తారు, తెలంగాణ వైపు కూడా అంతే. కాబట్టి మల్లెల తీర్థం చూసి అదే రోజు కర్నూలు చేరాలనుకోవడం కన్నా, శ్రీశైలంలో రాత్రి బస ముందుగా ఏర్పాటు చేసుకొని, మరునాడు తెల్లవారాక ఆత్మకూరు దారిలో తిరిగి రావడం నయం. దుప్పులు రోడ్డుకు దగ్గరగా కనిపించేది కూడా ఎక్కువగా ఆ ఉదయపు వేళలోనే.