బయోఫిల్మ్ ఎంబీఆర్: అనంతపురం బోరు నీళ్లతో కొన్నేళ్లు వాడాక

మురుగునీటి ప్లాంటు సత్తా సంక్రాంతి తర్వాత తెలుస్తుంది. పండక్కి మా అపార్ట్‌మెంట్ సగం ఖాళీ అవుతుంది. మురుగు తగ్గితే ట్యాంకులోని సూక్ష్మజీవులకు తిండి ఉండదు. పాత ప్లాంటులో అయితే జనం తిరిగొచ్చాక చాలా రోజులు అమ్మోనియా ఘాటు వదిలేది కాదు. బయోఫిల్మ్ ఎంబీఆర్ (మెంబ్రేన్ బయోరియాక్టర్, అంటే బ్యాక్టీరియా జిగురు పొర, మెంబ్రేన్ అనే సన్న వడపోత కలిసి మురుగును శుద్ధి చేసే ప్లాంటు) వచ్చాక ఆ గొడవ పోయింది. ట్యాంకులో తిరిగే చిన్న ప్లాస్టిక్ చక్రాలను మేం మీడియా అంటాం. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది, కానీ ఆ చక్రాల లోపలి గోడలకు జిగురు పొరలా పట్టుకుని నిలుస్తుంది, బయోఫిల్మ్ అంటే ఆ పొరే. విడిగా తేలేదాన్ని మెంబ్రేన్ ఆపుతుంది.

శుద్ధి అయిన నీళ్లు తేటగా ఉంటాయి, వాసన లేదు. ఫ్లష్‌కు, మొక్కలకు అవే వాడుతున్నాం, ట్యాంకర్లు బాగా తగ్గాయి. తేటగా ఉన్నాయి కదా అని తాగే పని మాత్రం పెట్టుకోకండి. ఈ మెంబ్రేన్ నీటిలో కరిగిన ఉప్పునూ ఫ్లోరైడ్‌నూ ఆపలేదు. మన బోర్లలో ఆ రెండూ ఎక్కువే.

అసలు తలనొప్పి సున్నం. 'బయోఫిల్మ్ ఉంటే మెంబ్రేన్ మూసుకుపోదు' అని అమ్మేటప్పుడు చెప్పారు. అది సగమే నిజం. జిగురు పొర నుంచి ఊడిన నలుసులు ఎలాగూ మెంబ్రేన్ మీద పడతాయి, వాటికి బ్లీచ్ ద్రావణం చాలు. కానీ గట్టి నీళ్లలోకి గాలి కొడుతుంటే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, కాల్షియం కార్బొనేట్ మెంబ్రేన్ మీద తెల్లగా పేరుకుంటుంది. అది బ్లీచ్‌కు కరగదు, సిట్రిక్ యాసిడ్ కావాలి. ఈ సంగతి మెయింటెనెన్స్ వాళ్లకు మేమే చెప్పాల్సి వచ్చింది! రెంటి మధ్యా ట్యాంకు శుభ్రంగా కడగాలి. బ్లీచ్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

ముందున్న సన్న జల్లెడను రోజూ శుభ్రం చేయించండి, తల వెంట్రుకలు దాటితే మెంబ్రేన్ తీగలకు చుట్టుకుంటాయి. ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్ ఆగకూడదు కాబట్టి కరెంటు బిల్లు పాత ప్లాంటు కన్నా ఎక్కువే, జనరేటర్ కనెక్షన్ కూడా తప్పదు.

పదీ ఇరవై ఇళ్లున్న చోట దీన్ని పెట్టమని నేను చెప్పను. ట్యాంకర్లకు డబ్బులు పోసే పెద్ద అపార్ట్‌మెంట్ అయితే తీసుకోవచ్చు. ముందు మీ బోరు నీటి కాఠిన్యం పరీక్ష చేయించి, యాసిడ్ క్లీనింగ్ ఎవరు చేస్తారో, ఆ ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే రాయించుకోండి.