చివరి సైకిల్ కోసం ఆగే క్లబ్బు: తిరుపతి ఆదివారపు రైడ్లు, హార్సిలీ హిల్స్ టూర్

తిరుపతిలో నేను ఏడాదిన్నరగా వెళ్తున్న సైకిల్ క్లబ్బు పందేల కోసం పుట్టినది కాదు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో ముగించవలసిన బ్రెవేలనే దూరపు రైడ్లలో లాంటి గడువులేవీ అక్కడ ఉండవు. ఆదివారం ఉదయం ముప్పై, నలభై కిలోమీటర్లు అందరూ కలిసి తొక్కడం, ఏడాదికి ఒకటి రెండు సార్లు మూడు రోజుల టూరు వేయడం, ఇంతే దాని పని. మెచ్చుకోవలసినవాటితో పాటు తప్పుపట్టవలసినవీ చెప్పబోతున్నాను కనుక క్లబ్బు పేరు రాయడం లేదు. డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ, ఇరవై ఏళ్ల విరామం తరువాత నలభై ఏడో ఏట మళ్లీ సైకిలెక్కిన నేను ఏ క్లబ్బునైనా ఒక్క ప్రశ్నతోనే తూచుతాను. గుంపులో అందరికన్నా వెనకబడిన మనిషిని వీళ్లు ఏం చేస్తారు? ఆ మనిషి చాలాసార్లు నేనే కావడం వల్ల ఈ ప్రశ్నకు నా దగ్గర అనుభవం బాగానే పోగుపడింది.

ఆదివారపు రైడ్ అలిపిరిలో గరుడ విగ్రహం దగ్గర మొదలై, జూపార్కు రోడ్డు మీదుగా చెర్లోపల్లి, శ్రీనివాసమంగాపురం దాటి చంద్రగిరి కోట దాకా సాగి, తిరిగి అదే దారిన వస్తుంది. ఎంత దూరం, ఎక్కడెక్కడ ఆగుతాము, టిఫిను ఎక్కడ అన్న వివరాలు శనివారం రాత్రికే ఫోన్లకు వచ్చేస్తాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన తరువాత, శేషాచలం అడవిని ఆనుకుని ఉన్న ఈ రోడ్డు మీదికి చీకట్లో గుంపును పంపకూడదన్న నియమం పెట్టుకున్నారట. అందువల్ల చలికాలంలో బాగా తెల్లవారాకే బయలుదేరుతారు. ఎండ ముదరకముందే ఇల్లు చేరాలనుకునే కుర్రవాళ్లు దీనికి సణుగుతారు గానీ, నాకు మాత్రం ఇది క్లబ్బు బుద్ధిగా తీసుకున్న నిర్ణయాల్లో మొదటిదిగా తోస్తుంది. హెల్మెట్టు లేనివారిని, వెనక ఎర్ర లైటు లేనివారిని ఎంత దగ్గరివారైనా సరే రానివ్వరు. సైకిల్ విషయంలో మాత్రం పట్టింపు లేదు. లక్ష రూపాయల రోడ్ బైకు పక్కనే గేర్లు లేని పాత హెర్క్యులిస్ కూడా సాగుతుంది. ఆదివారం రైడ్లకు రుసుము లేదు, టిఫిను ఖర్చు ఎవరిది వారిదే.

ఈ క్లబ్బును మిగతా గుంపుల నుంచి వేరు చేసేది దాని వెనక భాగమే. ముందు ఒక నాయకుడు, అందరికన్నా వెనక స్వీప్ అని పిలిచే మరొకరు ఉంటారు. స్వీప్‌ను దాటి వెనక ఎవరూ ఉండకూడదు, ఎవరి సైకిలైనా ఆగితే ఆయన సైకిల్ కూడా ఆగాలి. నా మొదటి రైడులో మంగాపురం దాటాక ఊపిరి అందక కాలు కింద పెట్టినప్పుడు, మీరు వెళ్లండి, నేను ఆటోలో వస్తానని అన్నాను. దానికి ఆయన, "మీరు మెల్లిగానే రాండి మేడమ్, నేను ఎనకాలే ఉండాను" అన్నారు. చంద్రగిరి దాకా ఆ మాట తప్పలేదు. అయితే స్వీప్ ఉండడం ఒక్కటే చాలదు. చాలా గుంపుల్లో ముందు వెళ్లినవారు ఒకచోట ఆగి సేదతీరి, చివరి మనిషి చేరగానే పదండి పదండి అంటూ బయలుదేరుతారు. అంటే విశ్రాంతి అందరికన్నా ఎక్కువ అవసరమైన మనిషికే అది దొరకదు. ఇక్కడ చివరి సైకిల్ వచ్చిన తరువాత ఐదు నిమిషాలు లెక్కపెట్టి మరీ కదులుతారు. ఇంత చిన్న నియమానికి ఎంత విలువ ఉందో వెనకబడినవారికే తెలుస్తుంది.

గుంపులో తొక్కే పద్ధతిని కూడా ఓపికగా నేర్పుతారు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతే వెనక దగ్గరగా వచ్చేవాడికి శ్రమ తగ్గుతుందన్నది నిజమే కానీ, ఆ దగ్గరతనానికి నమ్మకం కావాలి. ముందరి చక్రానికి మన చక్రం తగిలితే పడేది సాధారణంగా వెనకవాడే. అందుకే గుంత కనబడితే చేతితో చూపడం, "గుంత", "బండి" అని కేకవేసి వెనక్కి అందించడం, హైవే మీద ఒకరి వెనక ఒకరుగానే పోవడం మొదటి నెలలోనే అలవాటు చేస్తారు. లోపం ఒకటుంది. కొత్తవారు ఎక్కువగా వచ్చిన ఆదివారాల్లో గుంపును వేగాన్ని బట్టి రెండుగా విడదీస్తామని చెబుతారు గానీ, ఎవరు ఎందులోనో బయలుదేరే నిమిషం దాకా తేల్చరు. గంటకు ఇరవై రెండు కిలోమీటర్ల గుంపులో పొరపాటున ఇరుక్కుని, చెర్లోపల్లి చేరకముందే సైకిల్ మీద విరక్తి పుట్టి మళ్లీ రానివారు నాకు తెలిసి ఇద్దరున్నారు.

ఇక జనవరిలో నేను వెళ్లిన టూరు సంగతి. మొదటి రోజు తిరుపతి నుంచి తలకోన, రెండో రోజు తలకోన నుంచి మదనపల్లె, మూడో రోజు హార్సిలీ హిల్స్ ఎక్కి, అక్కడి నుంచి వ్యానులో తిరుగు ప్రయాణం. రెండు రాత్రుల బస, భోజనాలు, సామాను మోసే వ్యాను అన్నీ కలిపి మనిషికి 5,500 రూపాయలు తీసుకున్నారు. పధ్నాలుగు మందిమి, అందులో ఆడవాళ్లం నలుగురం. కాలాన్ని ఎంచుకోవడంలో వీరికి అనుభవముంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, మార్చి దాటితే ఎండ, కనుక మా ప్రాంతంలో దూరప్రయాణానికి సంక్రాంతి అటూ ఇటూ ఉన్న వారాలే వారాలు.

మొదటి రోజు నిర్వహణకు వంక పెట్టలేను. రంగంపేట దాటాక వచ్చే భాకరాపేట ఘాట్ ఈ దారిలో అందరూ భయపడే చోటు. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న బృందం బస్సు లోయలో పడింది ఇక్కడే. ఘాట్ మొదట్లో అందరినీ ఆపి, మెరిసే జాకెట్లు తొడిగించి, మమ్మల్ని నలుగురేసి చొప్పున జట్లుగా విడదీసి, జట్టుకూ జట్టుకూ నడుమ లారీ ఇమిడేంత కన్నా చాలా ఎక్కువ ఎడం ఉంచి పంపారు. పధ్నాలుగు సైకిళ్లు ఒకే తోకలా సాగితే వెనక వచ్చే లారీ మొత్తాన్నీ ఒకేసారి దాటాలని చూస్తుందని, మలుపుల్లో అదే ప్రమాదమని నాయకుడు వివరించినప్పుడు, ఇది ఎవరో రాసిపెట్టింది చదివి చెబుతున్నది కాదని అర్థమైంది. నెరబైలు మీదుగా తలకోన చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. 270 అడుగుల జలపాతంలో నీరు సన్నగా పడుతున్నా, కాళ్లకు ఆ చల్లదనం చేసిన మేలు ఏ మందూ చేయదు. రాత్రి భోజనం తొమ్మిదిన్నరకు వచ్చింది. అరవై కిలోమీటర్లు తొక్కినవాళ్లు ఏడింటికే నిద్రకు తూగుతారని వంటవారికి ముందే చెప్పి ఉండవలసింది.

రెండో రోజే అసలు పరీక్ష, నా ప్రధానమైన ఫిర్యాదు కూడా ఆ రోజుదే. ప్రకటనలో 85 కిలోమీటర్లని రాశారు, నా మీటరు 97 చూపింది. పన్నెండు కిలోమీటర్ల తేడా కారులో పోయేవారికి ఒక లెక్క కాదు. సైకిల్ మీద, అందులోనూ సాయంత్రం, అది మరో గంట. పైగా తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తున ఉంటే మదనపల్లె 700 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పీలేరు, వాయల్పాడు దారిలో ఘాట్ లాగా కంటికి కనిపించే ఎక్కుడు కాదు, రోజంతా ఎవరో వెనక నుంచి చీర కొంగు పట్టి లాగుతున్నట్టుండే ఎక్కుడు. దూరం తక్కువ చెబితే జనం ధైర్యంగా వస్తారనుకున్నారో, పటంలో కొలిచి ఊరుకున్నారో నాకు తెలియదు. కానీ మనిషి తన బలాన్ని పొదుపుగా ఖర్చు పెట్టుకునేది చెప్పిన దూరాన్ని నమ్మే. 85 దగ్గర అయిపోతుందనుకుని ఉన్న నీళ్లన్నీ, ఉన్న ఓపికంతా వాడేసుకున్నవారికి చివరి పన్నెండు కిలోమీటర్లు నరకమయ్యాయి. ఇద్దరు వ్యాను ఎక్కారు. స్వీప్ యథాప్రకారం నా వెనకే ఉన్నారు, కానీ స్వీప్ మంచితనం తప్పుడు అంకెకు విరుగుడు కాదు.

రెండో ఫిర్యాదు మగవారికి తోచనిది. ఎక్కడ ఆగాలన్నది టీ దొరికే చోటును బట్టి నిర్ణయించారే గానీ, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉన్న చోటును బట్టి కాదు. ఉదయం మూడు గంటలపాటు నీళ్లు తాగాలా వద్దా అని ఆలోచిస్తూ తొక్కాం. దూరప్రయాణంలో దాహం వేయకముందే గుక్కగుక్కగా తాగుతూ ఉండాలని వీళ్లే పాఠం చెబుతారు! పీలేరులో ఈ సంగతి గట్టిగా అడిగాక, ఆపై మజిలీలన్నీ పెద్ద పెట్రోలు బంకుల దగ్గర పెట్టారు. అడిగితే మారతారు, అది నిజం. అడగవలసి రావడమే బాగాలేదు. ఇంత విసుగులోనూ పీలేరులో తిన్న రాగి సంగటి, చెనిక్కాయల చట్నీ మాత్రం టూరు మొత్తంలో ఉత్తమ భోజనమని ఒప్పుకోవాలి. గ్లూకోజు బిస్కెట్లతో పోని నీరసం దానితో పోయింది.

పంక్చరు సంగతిలో క్లబ్బు ముందుచూపు మెచ్చదగినది. ఖరీదైన సైకిళ్లకు ఉండే సన్నని ప్రెస్టా వాల్వుకు పల్లెల్లోని పంక్చరు షాపుల గాలిపంపు పట్టదు, మోటారుసైకిల్ ట్యూబుకు ఉండే లావు వాల్వుకే పడుతుంది. ఇద్దరి చక్రాలు వాయల్పాడు దగ్గర కూలబడినప్పుడు, వ్యానులో ఉన్న చిన్న ఇత్తడి అడాప్టరే వారిని గట్టెక్కించింది. యాభై రూపాయల వస్తువది. ఈ సమీక్ష చదివేవారు ఏ క్లబ్బుతో వెళ్లినా వెళ్లకున్నా ఒకటి కొని సంచిలో వేసుకోవచ్చు.

మదనపల్లెలో బస శుభ్రంగా ఉంది, వేడినీళ్లు ఇచ్చారు. 1919లో రవీంద్రనాథ్ టాగూరు జనగణమనకు ఆంగ్ల అనువాదం చేసిన బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల ఆ ఊళ్లోనే ఉన్నా, కార్యక్రమంలో దాని ఊసే లేదు. రాత్రి అడిగితే, పొద్దున్నే దారి కొంచెం మళ్లించి దాని ముందు నుంచి తీసుకెళ్లారు. చరిత్ర పాఠాలు చెప్పే దాన్ని కనుక నాకది ఘాట్ ఎక్కినంత తృప్తి. తక్కినవారు ఫొటో తీసుకుని టీ ఎక్కడని అడిగారు.

ఏనుగు మల్లమ్మ కొండ అన్న పాత పేరును, అక్కడ వేసవి విడిది కట్టుకున్న కడప కలెక్టరు హార్స్లీ పేరు మింగేసిన ఆ కొండ సుమారు 1,265 మీటర్ల ఎత్తు. అంగళ్లు దాటి కొండ మొదలు చేరేదాకా సరదాగా సాగిన ప్రయాణం, మొదటి మెలికతోనే మౌనంగా మారింది. ఇక్కడ క్లబ్బు చేసిన మంచి పని ఏమిటంటే, దిగి నెట్టుకుంటూ నడవడం ఓటమి కాదని ఎక్కకముందే నాయకుడు చెప్పడం, చెప్పి ఊరుకోకుండా రెండో మలుపులో తానే దిగి కాసేపు నడవడం. ఆయనకు ఆ అవసరం లేదని అందరికీ తెలుసు. నేను మొత్తం మీద ఓ రెండు కిలోమీటర్లు నెట్టాను. స్వీప్ కూడా తన సైకిల్ నెట్టుకుంటూ పక్కనే నడిచారు. కొండ మీది గాలిబండ చేరేసరికి ముందు వచ్చినవారు టిఫిను తినకుండా కూర్చుని ఉన్నారు. చివరి సైకిల్ వచ్చాకే ఇడ్లీలు వడ్డించాలన్నది కూడా క్లబ్బు నియమమేనట.

తిరుగు ప్రయాణంలో ఈ సంతోషమంతా కొంత దెబ్బతిన్నది. పధ్నాలుగు సైకిళ్లనూ ఒక చిన్న గూడ్స్ బండిలో ఒకదాని మీద ఒకటి పేర్చి, తాళ్లతో బిగించి తెచ్చారు. నడుమ అట్టముక్క గానీ, గోనెపట్టా గానీ లేదు. తిరుపతిలో దించుకుని చూస్తే, నా సైకిల్ వెనక గొలుసును గేరు మార్చే డీరైల్యూర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగరు లోపలికి వంగిపోయి, పెద్ద పళ్లచక్రం మీదికి గొలుసు వేస్తే డీరైల్యూర్ చువ్వలకు తగులుతోంది. ఆ ముక్కను కావాలనే మెత్తని లోహంతో చేస్తారు, ఫ్రేము విరగకుండా అది వంగడానికే. కనుక నష్టం 650 రూపాయలతో పోయింది. ఫ్రేమే వంగి ఉంటే ఏమయ్యేదని అడిగితే, నిర్వాహకులు విచారం తెలిపారు గానీ ఖర్చు మాట ఎత్తలేదు. టూరుకు 5,500 తీసుకున్నవారు, సైకిళ్ల రవాణా బాధ్యత ఎవరిదో డబ్బు కట్టించుకునేటప్పుడే కాగితం మీద రాసివ్వాలి.

నాలాగా మెల్లిగా తొక్కేవారికి, ఒంటరిగా రోడ్డెక్కడానికి జంకే ఆడవాళ్లకు ఆదివారపు రైడ్లను సందేహం లేకుండా సూచిస్తాను. టూరుకు వెళ్లదలిస్తే మాత్రం, కనీసం మూడు నెలలు ఆదివారాలు తొక్కి, ఒక్కసారైనా అరవై కిలోమీటర్లు పూర్తిచేసి, ప్రకటనలోని దూరానికి ఇంకో పది పదిహేను కలుపుకుని వెళ్లండి. వేగం కోరేవారికి ఈ క్లబ్బు నచ్చదు, నచ్చవలసిన అవసరమూ లేదు.

వచ్చే నెల గుడిమల్లం, శ్రీకాళహస్తి మీదుగా రెండు రోజుల టూరు ప్రకటించారు. డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు రాసి పంపాను. దూరం ఎవరు కొలిచారు, ఆడవాళ్ల కోసం ఎక్కడెక్కడ ఆగుతారు, సైకిళ్లను బండిలో ఎలా కడతారు? మొదటి రెండింటికీ వివరంగా జవాబు వచ్చింది. మూడోదానికి, ఇంట్లో పాత దుప్పట్లుంటే రెండు తెచ్చుకోమన్నారు. దుప్పట్లు తీసిపెట్టాను, డబ్బు కట్టాను.