చీలమండ నొప్పికి పాత బుల్లెట్ గేరు రాడ్డు మార్పించాను: ఆటోనగర్ లేత్ షాపు గురించి

బండి 1992 మోడల్ బుల్లెట్ 350, మా నాన్న కొన్నది. కుడివైపు గేరు, ఎడమవైపు బ్రేకు, నాలుగు గేర్ల ఆల్బియన్ రకం గేర్‌బాక్సు. ఎడమవైపు గేరు ఉన్న కొత్త బుల్లెట్లు నడిపేవాళ్లకి ఈ పని అక్కర్లేదు, వాటిలో చాలావాటికి ముందు వేళ్లతోనూ వెనక మడమతోనూ తొక్కే రాడ్డు కంపెనీ నుంచే వస్తుంది. పాత బండిలో అలా ఉండదు. ఫస్ట్ గేరు పైకి, మిగతా మూడూ కిందకి. ఫస్ట్ వెయ్యాలంటే బూటు కొసని రాడ్డు కిందకి దూర్చి పైకి లేపాలి, గేర్లు తగ్గించేటప్పుడూ అంతే, నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు, అన్నీ పైకి లేపడమే.

పోయిన కార్తీకమాసంలో ఒక పొద్దున కిక్ కొడితే వెనక్కి తన్నింది. ఇంజిన్‌లో స్పార్క్ పడే టైమింగ్ ముందుకు జరిగి ఉందని తర్వాత తెలిసింది. ఎముక విరగలేదు గానీ కుడి చీలమండ దగ్గర లిగమెంట్ దెబ్బతింది, ఆరు వారాలు పట్టీతో ఉన్నాను. ఇప్పుడు నడకకి ఇబ్బంది లేదు, పాదాన్ని కిందకి నొక్కినా ఏమీ అనిపించదు, కానీ పాదాన్ని పైకి లేపేటప్పుడు దానిమీద ఏదైనా బరువు పడితే చీలమండ ముందువైపు సూదితో పొడిచినట్టు ఉంటుంది. గుణదల నుంచి పటమట వెళ్లి వచ్చేసరికి ఎన్నిసార్లు ఫస్ట్ గేరు పడుతుందో విజయవాడ ట్రాఫిక్ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. సాయంత్రానికి కాలు వాచిపోయేది.

అమ్మెయ్యమన్నవాళ్లు కొందరు. ఎడమ గేరుకి మార్పించమన్నవాళ్లు ఇంకొందరు. అమెరికాలో 1970ల మధ్యలోనే గేరు ఎడమ కాలికే ఉండాలని నిబంధన వచ్చింది, మన బుల్లెట్ మాత్రం అది మొదట తయారైన ఇంగ్లండ్ ఊరు రెడిచ్ నుంచి వచ్చిన ఆ కుడి గేరు పద్ధతినే 2000 తర్వాత కూడా కొన్నేళ్లు నడిపింది, కాబట్టి మార్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు నచ్చలేదు. ఎడమకి గేరు వెళ్తే కుడి కాలికి బ్రేకు వస్తుంది, హఠాత్తుగా ఎవరైనా అడ్డం వస్తే దెబ్బతిన్న కాలితో గట్టిగా తొక్కాలి. పైగా నాన్న చేతిలో నడిచిన బండి, దాని తీరు అలాగే ఉండాలని నాకు చాలా పట్టుదల.

గేరు రాడ్డుని వెనక్కి పొడిగిస్తే, వేళ్లతో పైకి లేపే బదులు మడమతో కిందకి తొక్కొచ్చు కదా అని ముందు మా ఇంటి దగ్గర ఒక షాపులో ఇచ్చాను. రాడ్డు బండి మీద ఉండగానే వెనక్కి ఒక తిన్నటి కమ్మీ వెల్డింగ్ పెట్టేశాడు. రెండు తప్పులు జరిగాయి. ఆ వేడికి షాఫ్టు వెనక ఆయిల్ సీల్ పాడై గేర్‌బాక్సు కారడం మొదలైంది. రెండోది ఇంకా ఘోరం. ఈ బళ్లకి గేరు రాడ్డు పక్కనే, నొక్కితే నేరుగా న్యూట్రల్ పడే చిన్న న్యూట్రల్ లీవర్ ఉంటుంది, తిన్నగా వచ్చిన కమ్మీ సరిగ్గా దానిమీదుగా వెళ్లింది. మడమతో తొక్కితే రెండూ కలిసి నొక్కుకుపోయేవి. మూడు నుంచి రెండుకి దించబోతే న్యూట్రల్ పడి, వెనక లారీ హారన్ కొడుతుంటే రోడ్డు మధ్యలో బండి ఊరికే జారుతూ ఉండేది. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పుడు ఒక ఫ్రెండ్ ఆటోనగర్‌లో ఈ లేత్ షాపు చెప్పాడు. రెండు లేత్ మెషిన్లు, ఒక డ్రిల్లు, గోడకి వరసగా పాత బుల్లెట్ల, జావాల సామాన్లు. నడిపే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. నేను రాడ్డు చూపించి "బాబాయ్, దీన్ని సరిచేసి పెట్టాలి" అన్నాను. ఆయన రాడ్డు వైపు చూడలేదు. "ముందు బండెక్కి కూర్చో అబ్బాయ్, కాలు ఎక్కడ నొప్పి పెడుతోందో చూపించు" అన్నాడు. సెంటర్ స్టాండ్ మీద కూర్చోబెట్టి, రోజూ వేసుకునే బూట్లు ఇవేనా అని అడిగి, ఫుట్‌రెస్టు మీద నా పాదం ఎలా ఆనుతోందో కింద మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. సుద్దముక్కతో నా మడమ కింద గాలిలో ఒక గీత గీసినట్టు చూపించి, "నీ మడమ ఇక్కడికి వస్తోంది, కమ్మీ ఇక్కడ ఉండాలి, వాడు నాలుగు అంగుళాలు వెనక పెట్టాడు" అన్నాడు. నా కాలు చూశాక బండి ముట్టుకున్న మొదటి మెకానిక్ ఆయనే, అందుకే ఈ రివ్యూ రాస్తున్నాను.

తర్వాత కూడా రాడ్డు జోలికి పోలేదు. క్లచ్ పట్టి చేత్తో గేరు వేసి చూశాడు. క్లచ్ పూర్తిగా విడవడం లేదు, అందుకే గేరు గట్టిగా ఉంది, ఆ గట్టిదనమంతా నీ చీలమండ మీద పడుతోంది అన్నాడు. కేబుల్ సరిచేసి, ప్లేట్లు విప్పి శుభ్రం చేసి, గేర్‌బాక్సు పక్క చిన్న మూత తీసి లోపలి అడ్జస్ట్‌మెంటు చూసి, సీల్ మార్చాడు. ఆ రోజు ఇంటికి పాత పద్ధతిలోనే వేళ్లతో లేపుతూ వచ్చాను, నొప్పి సగం తగ్గింది. పాత బండితో చీలమండ నొప్పి ఉన్నవాళ్లు రాడ్డు మార్చేముందు ఈ పని చేయించండి, అది చాలేవాళ్లు కూడా ఉంటారు.

రెండో రోజు రాడ్డు పని. నా ఒరిజినల్ రాడ్డు ఇక ముట్టుకోనని, పాత సామాన్ల షాపులో 250 రూపాయలకి ఇంకో రాడ్డు తెప్పించాడు. వెల్డింగ్ మొత్తం బండికి దూరంగా, బల్ల మీద. 12 ఎం.ఎం. కమ్మీని గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి, న్యూట్రల్ లీవర్‌కి తగలకుండా ముందు బయటికి, తర్వాత కిందకి, మళ్లీ లోపలికి వంచాడు. మూడుసార్లు బండికి పెట్టి చూసి మూడుసార్లు మళ్లీ కాల్చాడు. నేను చాల్లే బాబాయ్ అన్నా వినలేదు. చివర మడమ కింద పలక పెట్టాడు. కిక్ కిందకి వచ్చినప్పుడు ఆ పలకకి తగులుతుంది కాబట్టి, వెనక కూర్చునేవాళ్ల ఫుట్‌రెస్టు మడిచినట్టు పైకి మడిచేలా చేశాడు. రాడ్డు షాఫ్టు పళ్ల మీద ఎక్కుతుంది కదా, ముందు కొస ఒక పన్ను కిందకి దించి బిగించాడు, దాంతో పై గేర్లకి వేళ్లతో నొక్కడం కూడా తేలికైంది.

ఇప్పుడు నాలుగు నెలలైంది. ఫస్ట్ గేరు మడమతో, మిగతావి వేళ్లతో, అన్నీ కిందకి నొక్కడమే, పైకి లేపడం అన్నదే లేదు. మడమ మీద కాలి బరువంతా పడుతుంది కాబట్టి చీలమండ కదలక్కర్లేదు. మంగళగిరి, గుంటూరు వెళ్లి వచ్చాను, వాపు లేదు. ఇంకో అలవాటు కూడా బాబాయే నేర్పాడు: సిగ్నల్ వస్తుంటే ఒక్కో గేరూ తగ్గించకుండా, క్లచ్ పట్టి న్యూట్రల్ లీవర్ ఒక్కసారి నొక్కెయ్యడం. ఫస్ట్‌లో తప్ప ఏ గేరులో ఉన్నా నేరుగా న్యూట్రల్ పడుతుంది, మూడుసార్లు పడాల్సిన శ్రమ ఒక్కసారితో పోతుంది. ముప్ఫై ఏళ్లుగా ఆ లీవర్ మా బండికి ఉంది, నాన్న దాన్ని ఎందుకు అంతగా మెచ్చుకునేవారో ఇప్పుడు అర్థమైంది.

లోటుపాట్లు కూడా చెప్పాలి. కిక్ కొట్టేముందు పలక మడవాలి, మర్చిపోతే కిక్ దానికి గట్టిగా తగులుతుంది, నాకు రెండుసార్లు జరిగింది, పెయింట్ లేచిపోయింది. పలక బోల్టు వదులై గలగలమంటే స్ప్రింగ్ వాషర్ వేయించాను. చెప్పులతో అయితే మడమ సరిగ్గా ఆనదు. షాపులో టైము చెప్పరు, రేపు అంటే మూడు రోజులు, ఫోన్ ఎత్తరు, అక్కడికి వెళ్లి పక్కన కూర్చుంటేనే పని కదులుతుంది. రసీదు కూడా ఉండదు.

ఖర్చు: రాడ్డు 250, సీల్, క్లచ్ పని, కమ్మీ వంచే పని, వెల్డింగ్ అన్నీ కలిపి 2,100. మొదటి షాపులో 600 పోయాయి, అది వేరే. ఎడమ గేరుకి మార్చడానికి నాకు చెప్పిన రేటులో ఇది చాలా చిన్న ముక్క.

వెళ్లేవాళ్లు బండి నడిపేటప్పుడు వేసుకునే బూట్లతోనే వెళ్లండి, నొప్పి ఎప్పుడు, ఏ గేరు దగ్గర వస్తుందో రెండు రోజులు గమనించి చెప్పండి. నా ఒరిజినల్ రాడ్డుకి మొదటి షాపువాడు అంటించిన కమ్మీ కోసి, నున్నగా గ్రైండ్ చేసి, పేపర్లో చుట్టి తిరిగిచ్చాడు బాబాయ్, దానికి డబ్బులు తీసుకోలేదు. వానలో బూటు జారుతోంది, వచ్చే వారం పలకకి రబ్బరు వేయించడానికి వెళ్తున్నాను, అది ఎలా వచ్చిందో కూడా రాస్తాను.