పదకొండేళ్లు ఒకే క్రూజ్ కంపెనీతో, ఆ తర్వాత ఐదు కంపెనీలతో: ఒక ప్రయాణికుడి సమీక్ష

2009 నుంచి 2020 మొదటి నెలల వరకు నేనూ నా భార్యా పద్నాలుగు క్రూజ్ ప్రయాణాలు చేశాం. పద్నాలుగూ ఒకే కంపెనీ ఓడల మీద చేసినవే. 2022లో మళ్లీ ఓడ ఎక్కడం మొదలుపెట్టాక మరో తొమ్మిది పూర్తయ్యాయి. వాటిలో ఏడు వేరే ఐదు కంపెనీలతో, రెండు పాత కంపెనీతో. ఒకే కంపెనీని నమ్ముకుని ఉండటం మేలా, మారుతూ పోవడం మేలా అని అడిగేవారికి ఈ రెండు వందల రాత్రుల అనుభవం కొంత పనికి రావచ్చునని ఈ సమీక్ష రాస్తున్నాను. మా మొదటి కంపెనీ పేరు మాత్రం చెప్పను. దాని మీద నాకున్న ఫిర్యాదులు దాదాపు పెద్ద కంపెనీలన్నింటికీ వర్తించేవే కాబట్టి, పేరు తెలిసినంత మాత్రాన పాఠకులకు ఒరిగేదేమీ లేదు.

జనం ఒకే కంపెనీతో ఉండిపోవడానికి కారణం, ప్రయాణించిన రాత్రులకు కంపెనీ ఇచ్చే పాయింట్లేనని చాలామంది అనుకుంటారు. మా విషయంలో అసలు కారణం బద్ధకం. ఆ మాటను నేను నిందగా వాడటం లేదు. తెలిసిన ఓడ ఎక్కితే సెలవు మొదటి గంటలోనే మొదలవుతుంది. భోజనశాలకు ఏ మెట్ల మీదుగా వెళ్లాలో, మధ్యాహ్నం బఫే ఏ వేళకు ఖాళీ అవుతుందో, నాటకశాలకు పైనున్న ఏ క్యాబిన్లలో అర్ధరాత్రి దాకా డప్పుల మోత వినిపిస్తుందో ముందే తెలిసి ఉండటం వల్ల కలిగే నిశ్చింతను ఏ ప్రకటనలోనూ చూపించలేరు. నా భార్యకు సముద్రపు ఊగుడు పడదు. ఓడ ముందువెనుకలకు ఊగేటప్పుడు చివరల కంటే నడిమి భాగం తక్కువగా కదులుతుందనీ, పై డెక్కుల కంటే కింది డెక్కులు స్థిమితంగా ఉంటాయనీ మూడో ప్రయాణానికి గాని మాకు అర్థం కాలేదు. ఒక తరగతి ఓడలన్నీ ఒకే నమూనాతో కడతారు కాబట్టి, ఆ తర్వాత నాలుగు వేర్వేరు ఓడల్లో ఇంచుమించు ఒకే స్థానంలోని క్యాబిన్‌ను అడిగి తీసుకున్నాం. ఆమె మందుల పెట్టె తెరవకుండానే తిరిగివచ్చిన ప్రయాణాలు అవి.

సిబ్బంది విషయం కూడా ఇలాంటిదే. వారి ఒప్పందాలు కొన్ని నెలల చొప్పున సాగుతాయి, ఒక ఒప్పందం ముగిసి మరొకటి మొదలయ్యేసరికి ఓడ మారిపోవచ్చు. అందుకే మూడేళ్ల కిందట ఒక ఓడలో మా బల్లకు వడ్డించిన మనిషి మరో సముద్రంలో మరో ఓడ మీద ఎదురై, నా భార్య టీలో చక్కెర వేసుకోదన్న సంగతి ఇంకా గుర్తుపెట్టుకున్నాడు. కంపెనీ ఇచ్చిన ఏ కార్డూ మాకు అంత మర్యాద చేయలేదు.

ఇక పాయింట్లు. రాయల్ కరీబియన్ అనే కంపెనీ లెక్క తేలికగా అర్థమవుతుంది కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. అక్కడ రాత్రికి ఒక పాయింటు. సూట్ అనే పెద్ద గది తీసుకున్నా, క్యాబిన్‌లో ఒక్కరే ఉన్నా రాత్రికి ఒకటి అదనం. 30 పాయింట్లకు ప్లాటినమ్, 55కు ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కు డైమండ్ ప్లస్, 700కు పినాకిల్. ఏడాదికి ఒక వారం మాత్రమే ఓడ ఎక్కే మామూలు దంపతులు డైమండ్ చేరేసరికి పన్నెండో ఏడు వస్తుంది. పినాకిల్ కావాలంటే పెద్దల దీవెన అక్షరాలా ఫలించి నిండు నూరేళ్లూ ప్రయాణం చేస్తూనే ఉండాలి. ప్రయోజనాలు కూడా మెట్టుమెట్టుకీ సమంగా పెరగవు. డైమండ్ వచ్చిన నాటి నుంచి రోజుకు నాలుగు పానీయాలు ఉచితం. అంతకు ముందున్న మెట్లలో చిన్న బహుమతులూ చిల్లర రాయితీలూ తప్ప చెప్పుకోదగ్గది తక్కువ. హాలండ్ అమెరికా అనే మరో కంపెనీలో అలాంటి మెట్టు 200 రోజుల దగ్గర వస్తుంది, అక్కడ బట్టలు ఉచితంగా ఉతికిస్తారు. రెండు వారాలకు మించిన ప్రయాణాలు చేసేవారికి అది ఎంత పెద్ద సదుపాయమో, సూట్‌కేసు బరువు మోసినవారికే తెలుస్తుంది. దాదాపు ప్రతి కంపెనీ పట్టికలోనూ నిజంగా విలువైన మెట్టు ఒకటో రెండో ఉంటాయి. ఆ మెట్టు మనకు మూడు నాలుగేళ్ల దూరంలో ఉంటే విధేయతకు అర్థం ఉంది. పదేళ్ల దూరంలో ఉంటే, ఆ పట్టికను చూడకుండా టికెట్ కొనడమే మంచిది.

నేను ఆ పట్టికను చూస్తూనే పదేళ్లు గడిపాను. ఒకసారి పై మెట్టుకు తొమ్మిది రాత్రులు తక్కువపడ్డాయి. ఆ శీతాకాలంలో మేము వెళ్లాలనుకున్న దారి మా కంపెనీకి లేదు. అప్పటికే నాలుగుసార్లు చూసిన రేవుల చుట్టూ తిరిగే తొమ్మిది రాత్రుల ప్రయాణాన్ని, కేవలం ఆ సంఖ్య సరిపోయిందని కొన్నాను. మూడో రేవులో నా భార్య ఓడ దిగలేదు. కొత్త హోదాతో తర్వాతి ప్రయాణానికి వెళ్తే, ముందుగా ఓడ ఎక్కేందుకు ప్రత్యేకంగా పెట్టిన వరుస మామూలు వరుస కంటే పొడవుగా ఉంది. పై హోదావారి కోసం ఉండిన చిన్న విశ్రాంతి గదిని ఏడాది తిరగకముందే అదనపు రుసుముతో నడిచే భోజనశాలగా మార్చేశారు. మమ్మల్ని సాయంత్రం రెండు గంటల పాటు డిస్కో గదిలో కూర్చోమన్నారు. ఇందులో మోసమేమీ లేదు. ఏళ్ల తరబడి ప్రయాణించేవారు ఎక్కువయ్యేకొద్దీ హోదా పలచబడుతుంది, ఓడలో చోటు మాత్రం పెరగదు.

పాయింట్ల కంటే గట్టిగా మనుషుల్ని కట్టిపడేసేది మరొకటి ఉంది. అది తర్వాతి ప్రయాణం బుక్ చేసే బల్ల. ప్రయాణం చివరి రోజుల్లో, కడుపు నిండి మనసు మెత్తబడి ఉన్న వేళ, తక్కువ డిపాజిట్‌తో పాటు ఓడలో ఖర్చు పెట్టుకునే క్రెడిట్‌ను ఆశ చూపి, వచ్చే ఏటి క్యాబిన్‌ను అక్కడికక్కడే అమ్ముతారు. మా పద్నాలుగు ప్రయాణాల్లో తొమ్మిదింటిని ఆ బల్ల దగ్గరే కొన్నామని లెక్క చూసుకున్నప్పుడు నాకే సిగ్గేసింది. వేరే కంపెనీ ధరతో పోల్చిచూసే అవకాశమే లేని చోట చేసిన కొనుగోళ్లు అవి. ఆ క్రెడిట్ కోసమే ఒకే కంపెనీతో ఉండాలనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి: కార్నివాల్, రాయల్ కరీబియన్, నార్వీజియన్ సంస్థల్లో వంద షేర్లు ఉన్నవారికి ఒక్క రాత్రి కూడా ప్రయాణించకముందే, కొన్ని షరతుల మీద, అటువంటి క్రెడిట్ దొరుకుతుంది.

2020 మార్చిలో ఓడలన్నీ ఆగిపోయినప్పుడు అలవాటు దానంతట అదే తెగింది. పాయింట్లు ఎక్కడికీ పోలేదు గాని, వాటిని తలుచుకోకుండా రెండేళ్లు గడిచిపోయాయి. ఈలోగా కంపెనీలు కూడా తమ లెక్కలను సవరించుకుంటున్నాయి. ప్రయాణించిన రాత్రులకు బదులు పెట్టిన ఖర్చును ఆధారం చేసుకుని, నిర్ణీత కాలానికి ఒకసారి హోదాను మళ్లీ సంపాదించుకోవలసిన పద్ధతికి మారబోతున్నట్టు కార్నివాల్ 2025లో ప్రకటించింది. మరోవైపు, ఒక కంపెనీ హోదాను సోదర కంపెనీల్లోనూ గుర్తించే ఏర్పాటును రాయల్ కరీబియన్, సెలబ్రిటీ, సిల్వర్‌సీ మధ్య 2024లోనూ, నార్వీజియన్, ఓషియానియా, రీజెంట్ మధ్య 2025లోనూ తెచ్చారు. ఇతర కంపెనీల హోదాను చూపిస్తే దానికి సమానమైన హోదా ఇస్తుందని ఎంఎస్‌సి అనే కంపెనీకి పేరుంది. మేము ఆ విధంగానే చేరాం. అంటే కంపెనీ మారితే సున్నా నుంచి మొదలుపెట్టాలన్న భయం ఇప్పుడు పాతబడింది.

మేము మారిన మొదటి ప్రయాణం అలాస్కా. ప్రేమ చావడం వల్ల కాదు, గ్లేసియర్ బే చూడాలన్న కోరిక వల్ల మారాం. ఆ జాతీయ ఉద్యానవనంలోకి రోజుకు రెండు క్రూజ్ ఓడలను మించి రానివ్వరు. ఆ అనుమతుల్లో ఎక్కువ భాగం హాలండ్ అమెరికా, ప్రిన్సెస్ కంపెనీల చేతుల్లో ఉంది. మా కంపెనీ మరో హిమనీనదం దగ్గరకు తీసుకువెళ్తానంటుంది గాని అక్కడికి కాదు. హాలండ్ అమెరికా ఓడ ఉదయాన లోపలికి వెళ్తుంటే ఉద్యానవనపు రేంజర్లు పడవలో వచ్చి ఓడ ఎక్కారు, రోజంతా ప్రయాణికుల మధ్యే ఉండి వివరించారు. మంచు గోడ విరిగి నీళ్లలో పడిన చప్పుడు వినిపించేసరికి విరిగిన ముక్క ఎప్పుడో మునిగిపోయింది. వెలుగుకూ ధ్వనికీ మధ్య దూరాన్ని నేను అలా కళ్లారా, చెవులారా తెలుసుకోవడం అదే మొదలు. పదకొండేళ్లు పాయింట్లు లెక్కపెట్టిన నేను ఆ రోజును ఎందుకు వాయిదా వేశానో నాకే తెలియలేదు.

రెండోది క్వీన్ మేరీ 2. 2004లో సేవలోకి వచ్చిన ఈ కునార్డ్ ఓడను విహారానికి గాక అట్లాంటిక్ దాటడానికి కట్టారు. పొడవైన ముందుభాగం, లోతుగా నీళ్లలో దిగిన అడుగుభాగం ఉండటంతో, అలలు పైకి లేచిన రోజున కూడా నా భార్య భోజనానికి వచ్చింది. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు ఏడు రాత్రులు, మధ్యలో ఒక్క రేవు కూడా లేదు. పడమటికి పోయేటప్పుడు గడియారాన్ని ఐదుసార్లు గంట చొప్పున వెనక్కి తిప్పుతారు. రోజుకు ఇరవై అయిదు గంటలు ఉన్న ఆ రాత్రుల్లో నిద్రపోయినంత హాయిగా నేను మరెక్కడా నిద్రపోలేదు. సాయంత్రం ఆరు దాటితే దుస్తుల నియమాలు ఉన్నాయి, రెండు రాత్రులు పూర్తి లాంఛనంగా తయారు కావాలి. పాత ఓడలో చెప్పులతో తిరగడానికి అలవాటుపడినవాణ్ని కాబట్టి ముందు విసుక్కున్నాను. మూడో రోజుకు కోటు వేసుకోవడం కోసమే సాయంత్రం అయితే బాగుండుననిపించింది.

వైకింగ్ కంపెనీ సముద్రపు ఓడల్లో పద్దెనిమిదేళ్ల లోపు వారికి ప్రవేశం లేదు, జూదశాల లేదు, ప్రయాణికులు వెయ్యి మందికి లోపే. ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది, నా భార్యకు నాలుగో రోజుకే మొహం మొత్తింది. నార్వీజియన్‌లో భోజన వేళలూ బల్లలూ నిర్ణయించకుండా ఇష్టమొచ్చినప్పుడు తినే పద్ధతి 2000 నుంచి ఉంది. ఒంటరి ప్రయాణికులకోసం ప్రత్యేక గదులను 2010లో ఎపిక్ ఓడతో మొదలుపెట్టింది కూడా వాళ్లే. ఇద్దరి ఛార్జీ ఒక్కరే కట్టవలసిన బాధ పడేవారు మిగతా ఆలోచనలు పక్కనపెట్టి అలాంటి గదులున్న ఓడలనే చూడాలి.

మారడంలో ఉన్న నష్టాన్ని దాచను. కొత్త కంపెనీ ఓడ మీద మొదటి రోజున్నర నేర్చుకోవడానికే సరిపోతుంది. వాళ్ల యాప్, మస్టర్ డ్రిల్ (ప్రమాదం వస్తే ఏం చేయాలో నేర్పే కసరత్తు) హాజరు వేసే తీరు, టిప్పులు ముందే కలిపారా లేదా అన్నది, ఒక క్యాబిన్‌లో ఒకరు పానీయాల ప్యాకేజీ కొంటే రెండోవారూ కొనాలా అన్నది, ఇవన్నీ ప్రతిచోటా వేరే. ఏడింటిలో ఒక ప్రయాణం పూర్తిగా నిరాశపరిచింది. క్యాబిన్ జూదశాలకు సరిగ్గా పైన పడి రాత్రంతా సిగరెట్ పొగ వాసన వచ్చేది, ఫిర్యాదు చేయడానికి ఎవరి దగ్గరకు వెళ్లాలో కూడా తెలియలేదు. తెలిసిన ఓడ అయితే ఆ క్యాబిన్‌ను నేను కొనేవాణ్ని కాదు.

అయితే కంపెనీ పేరు మారకపోతే ఓడ మారదనుకోవడం కూడా భ్రమే. రాయల్ కరీబియన్ ఓడల్లోనే 1996 నాటి గ్రాండియర్ ఆఫ్ ద సీస్ సుమారు 74,000 స్థూల టన్నులది (ఇది బరువు కాదు, ఓడ లోపలి పరిమాణపు కొలత), 2024 నాటి ఐకాన్ ఆఫ్ ద సీస్ దాదాపు 2,48,000 టన్నులది. ఒకదానిలో ఏడు రాత్రులు గడిపినవారికి రెండోది పరాయి ఊరే. రేవులు కూడా పరిమాణాన్ని బట్టే తెరుచుకుంటాయి: 2021 ఆగస్టు నుంచి 25,000 టన్నులు దాటిన ఓడలు వెనిస్‌లోని జుదెక్కా కాలువలోకి రాకూడదు, కాబట్టి పెద్ద ఓడల వెనిస్ ప్రయాణాలు చాలావరకు రవెన్నాలోనో ట్రియెస్టెలోనో మొదలవుతాయి. మరోవైపు చూస్తే, ప్రిన్సెస్ నుంచి హాలండ్ అమెరికాకో కునార్డ్‌కో మారినవారు యజమానిని మార్చినట్టు కాదు. మూడూ కార్నివాల్ కార్పొరేషన్‌వే.

పాత కంపెనీ దగ్గరకు రెండుసార్లు తిరిగి వెళ్లింది మొహమాటంతో కాదు. మొదటిసారి మనవలు వెంట ఉన్నారు. పిల్లల గది ఎక్కడో, ఈతకొలను ఎప్పుడు ఖాళీగా ఉంటుందో తెలిసి ఉండటం అప్పుడు ఏ హోదా కంటే ఎక్కువ పనికొచ్చింది. రెండోసారి నా భార్య శస్త్రచికిత్స తర్వాత ఆరు వారాలకు వెళ్లాం. రేవుల్లో దిగే ఆలోచనే లేదు, ఊగని క్యాబిన్ ఒక్కటి చాలు. రెండింటిలోనూ ఓడే మా గమ్యం. రేవు గమ్యమైన ప్రయాణాలకు ముందు దారినీ, రేవులో ఎన్ని గంటలు ఆగుతుందన్నదాన్నీ, ఓడ పరిమాణాన్నీ చూసి, కంపెనీ పేరు చివర చూస్తున్నాం.

వచ్చే వేసవికి నార్వే ఫ్యోర్డుల్లోకి, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లోకి, ఒక చిన్న ఓడ తీసుకున్నాం. ఆ కంపెనీలో మాకు ఒక్క పాయింటు కూడా లేదు. డిసెంబరుకు పాత కంపెనీలో, నడిమి భాగంలో, కింది నుంచి మూడో డెక్ మీద, మాకు అలవాటైన చోటే క్యాబిన్ దొరికింది. దాన్ని ఓడ మీది బల్ల దగ్గర కాకుండా, మూడు కంపెనీల ధరలు పక్కపక్కన పెట్టుకుని, ఇంట్లో కూర్చుని కొన్నాం.