20 సీట్లే అన్నారు, ఒక్క గేదె వెనక 64 మందిని నిలబెట్టారు

పశువుల అల్ట్రాసౌండ్ స్కానింగు మీద రెండు రోజుల శిక్షణ అంటూ నెలన్నరగా మన ఫోన్లకు వస్తున్న ఆ ప్రకటన చూసి డబ్బు కట్టకండి. కట్టేసి ఉంటే ఈరోజే వెనక్కి అడగండి. నేను కట్టాను, వెళ్లాను, నిన్న రాత్రే తిరిగి వచ్చాను.

ఏ సంస్థో మీకు తెలుసు. నీలం రంగు పోస్టరు, మధ్యలో ముర్రా గేదె బొమ్మ, పక్కన తెల్లకోటు వేసుకున్న పెద్దాయన. ఫిర్యాదు ఇస్తున్నాను కాబట్టి పేరు ఇక్కడ రాయడం లేదు. పశువైద్యులకు 16,500 రూపాయలు, డిప్లొమా చేసిన సహాయకులకు 11,000. 20 మందికే ప్రవేశం, నాలుగు యంత్రాలు, ఒక్కొక్కరికి పది పశువుల మీద స్వయంగా చేసే అవకాశం, పైగా పశువైద్య మండలి గుర్తించిన పది శిక్షణ క్రెడిట్లు. ఇవీ వాళ్లు రాసిన మాటలు. ఆ పోస్టరు నా ఫోనులో ఇంకా ఉంది.

ఎందుకు వెళ్లానో చెప్పాలి. కృష్ణా జిల్లాలో 14 ఏళ్లుగా సొంతంగా వైద్యం చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే పశువుల్లో ఎక్కువ గేదెలే. గేదెల్లో మూగ ఎద, అంటే బయటికి లక్షణాలు కనిపించని ఎద, ఎంత బాధ పెడుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వేసవిలో అయితే మరీను. రైతు ఎద గమనించి కృత్రిమ గర్భధారణ చేయిస్తాడు. 21 రోజులకు గేదె మళ్లీ అరవదు, జిగురు తీగ వేయదు. చూడి కట్టిందని నమ్ముతాడు. నేను పురీషనాళంలో చెయ్యి పెట్టి ఖాయంగా చెప్పాలంటే రెండు నెలలు నిండాలి. ఎంత అనుభవం ఉన్నా 45 రోజుల లోపు చేతితో తేల్చి చెప్పే ధైర్యం నాకు లేదు. రెండు నెలలు నిండాక చూసి, చూడి లేదని చెబితే ఆ రైతు ముఖం చూడలేను. అప్పటికే రెండు ఎదలు పోయాయి, మేత పోయింది, వచ్చే ఈత అంత వెనక్కి జరిగింది. అదే స్కానింగు తెలిసిన చెయ్యి అయితే 30వ రోజుకే చెప్పేస్తుంది. నల్లగా కనిపించే నీటిలో తెల్లని గింజలా పిండం, అందులో మినుకుమినుకుమంటూ గుండె. చదువుకునే రోజుల్లో కళాశాలలో ఒకే ఒక యంత్రం ఉండేది. దాన్ని పట్టుకున్నది నాలుగైదుసార్లు మాత్రమే. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారిని శాఖే శిక్షణలకు పంపుతుంది. మాలాంటి వాళ్లం ఎక్కడ నేర్పుతామంటే అక్కడికి సొంత డబ్బుతో పరుగెత్తాలి. ఆ అవసరాన్నే వీళ్లు పట్టుకున్నారు.

మొదటి రోజు గురించి ఎక్కువ రాయను. హైదరాబాద్ శివారులో ఒక హోటల్ హాలు. పోస్టరులో ఉన్న పెద్దాయన రాలేదు. ఆయన బదులు వచ్చిన యువకుడు తెర మీద బొమ్మలు చూపిస్తూ చదువుకుంటూ పోయాడు. అందులో సగం గుర్రాల గర్భాశయాలు. గేదె అండాశయం ఆవు అండాశయం కన్నా చిన్నది కదా, తెర మీద కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అండాశయం మీద ఏర్పడే గడ్డ) గుర్తుపట్టడంలో తేడా ఏమిటని అడిగితే రేపు చూపిస్తామన్నాడు. హాలులో కుర్చీలు లెక్కపెట్టినప్పుడే నాకు అర్థం కావాల్సింది. 64 మంది ఉన్నాం. రేపు పశువుల దగ్గరికి వెళ్లాక బృందాలుగా విడదీస్తారేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ రాత్రే వచ్చేసి ఉంటే నిన్న జరిగిన దానిలో నా చెయ్యి ఉండేది కాదు.

రెండో రోజు ఉదయం బస్సులో ఒక డెయిరీకి తీసుకెళ్లారు. యంత్రాలు నాలుగు కాదు, రెండు. ఒకదానికి ఉన్నది మనుషుల పొట్ట మీద పెట్టే గుండ్రని ప్రోబ్, అంటే స్కానింగు చేసే పరికరం. పశువు పురీషనాళంలోకి దాన్ని ఎలా తీసుకెళ్తారు? మనకు కావలసింది 5 నుంచి 7.5 మెగాహెర్ట్జ్ లీనియర్ ప్రోబ్. అది రెండో యంత్రానికి ఉంది. అంటే పనికొచ్చే యంత్రం ఒక్కటే. ట్రెవిసులో, అంటే పశువును కదలకుండా నిలబెట్టే చట్రంలో, కట్టిన గేదె కూడా ఒక్కటే. మిగతావి ఏవని అడిగితే యజమాని ఒప్పుకోలేదన్నారు.

వరుస కట్టించారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఫోనులో టైమర్ పెట్టుకుని ఒకతను పక్కన నిలబడ్డాడు.

పశువైద్యం చదివిన ఎవరికైనా ఆ తర్వాత ఏమవుతుందో తెలుసు. మొదటి ఇద్దరు ముగ్గురికి బొమ్మ బాగానే కనిపించింది. చేతులు లోపలికీ బయటికీ తిరిగేకొద్దీ పురీషనాళంలోకి గాలి చేరింది, గొట్టంలా బిగుసుకుంది. గాలి ఉన్నచోట అల్ట్రాసౌండ్ సాగదు. ఆరో మనిషి వచ్చేసరికి తెర మీద తెల్లని చారలు తప్ప ఏమీ లేవు. అంటే ఆ తర్వాత చెయ్యి పెట్టినవాళ్లు నేర్చుకున్నది కూడా ఏమీ లేదు. గేదె వీపు విల్లులా వంచి ముక్కడం మొదలుపెట్టింది. జెల్ అయిపోయింది. ఎవరో బకెట్లో బట్టల సబ్బు పొడి కలిపి తెచ్చారు. ఆ నురగతోనే తర్వాతి చేతులు లోపలికి వెళ్లాయి.

నాది తొమ్మిదో వంతు. గేదె ముక్కుతోందని చూశాను. ఆగాలని నాకు తెలుసు. మా గురువుగారు ఒక పశువు మీద ముగ్గురు విద్యార్థులు దాటితే గ్లౌజు తీయించేసేవారు. అయినా 16,500 కట్టానన్న మాట ఒక్కటే తలలో తిరిగింది, చెయ్యి పెట్టాను. లోపల గోడ కాగితంలా వేడిగా, పొడిగా తగిలింది. నిమిషం కూడా ఉంచలేక తీసేశాను. ఆ నిమిషానికి కూడా నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

పదకొండో ఆయన చెయ్యి బయటికి తీసినప్పుడు గ్లౌజు మీద రక్తం. ఒక చుక్క కాదు, మణికట్టు నుంచి మోచేతి దాకా చార. నేను ముందుకు వెళ్లి ఆపమన్నాను. పొర చిరుగుతోంది, ఇంకా చేస్తే గోడ చిల్లుపడుతుంది, చిల్లుపడితే పేడ పొట్టలోకి పోయి గేదె చస్తుందని గట్టిగానే చెప్పాను. నిర్వాహకుడు వచ్చాడు. గ్లౌజు వైపు చూశాడు, గేదె వైపు చూడలేదు. నాతో అన్న మాటలు ఇవి:

"మేడం, మీ వంతు అయిపోయింది కదా, పక్కకు జరగండి. మిగతావాళ్లు కూడా డబ్బు కట్టారు. దీనికి రోజు అద్దె ఇచ్చాం. అంత జాలి ఉంటే మీ ఊళ్లో గేదెలు లేవా, అక్కడికెళ్లి నేర్చుకోండి."

ఆయన కూడా పశువైద్యుడే. మనలాగే అయిదున్నరేళ్లు చదివినవాడు. అద్దె ఇచ్చాం అన్నాడు. నిన్నటి నుంచి నా చెవుల్లో ఆ మాటే తిరుగుతోంది. డబ్బు మోసం చేసేవాళ్లను ఇంతకు ముందు చూశాను. రక్తం కారుతున్న పశువు వెనక నిలబడి అద్దె లెక్క చెప్పిన పశువైద్యుణ్ణి మాత్రం నిన్నే చూశాను. నా వెనక ఉన్న యాభైమందిలో ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్లను తప్పుపట్టను. తొమ్మిదో వంతులో నేనూ మౌనంగానే ఉన్నాను.

వరుసలో పన్నెండోవాడు ఒక కుర్రాడు, పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేశాడు. అప్పటికే భుజం దాకా గ్లౌజు తొడుక్కుని ఉన్నాడు. దాన్ని విప్పి బకెట్టు పక్కన పెట్టి "నాకు వద్దు మేడం" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. అక్కడితో వరుస చెదిరింది. డెయిరీలో పనిచేసే అతను వచ్చి ట్రెవిసు కర్ర తీసేశాడు.

ఆ కుర్రాడి సంగతి ఇంకా ఉంది, అది నన్ను మరింత మండిస్తోంది. 11,000 కోసం వాళ్లమ్మ చిట్టీ ముందే పాడిందట. ఈ సర్టిఫికెట్ ఉంటే ఊళ్లలో సొంతంగా స్కానింగు చేసుకోవచ్చని, ఎవరి అనుమతీ అక్కర్లేదని ఫోనులో చెప్పారట. ఇది పచ్చి అబద్ధం. భారత పశువైద్య మండలి చట్టం, 1984లో 30వ సెక్షన్ చదవండి. పశువైద్యం చేసే హక్కు రిజిస్టరైన పశువైద్యులకే ఉంది. డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వం చిన్నపాటి సేవలకు మాత్రమే అనుమతి ఇవ్వగలదు, అదీ రిజిస్టరైన పశువైద్యుల పర్యవేక్షణలో. ఈ రెండు రోజుల కాగితం చూపించి ఆ పిల్లవాడు ఊళ్లో స్వతంత్రంగా యంత్రం పట్టుకుంటే కేసు పడేది అతని మీద. అమ్మినవాళ్ల మీద కాదు. గోపాలమిత్రలుగా, అంటే ఊళ్లలో కృత్రిమ గర్భధారణ చేసేవాళ్లుగా, పనిచేస్తున్నవారు కూడా నలుగురైదుగురు కనిపించారు, వాళ్లకూ ఇదే చెప్పారట. పల్లెల్లో తెల్లవారుజామున మోటారు సైకిలు మీద వీర్యనాళికల డబ్బా కట్టుకుని తిరిగేది వాళ్లే. వాళ్లకు నిజంగా నేర్పితే రైతుకు ఎంత మేలో! ఆ ఆశనే సరుకుగా అమ్ముకున్నారు.

నేర్పడం ఎలాగో తెలియక ఇలా జరగలేదు. వధశాల నుంచి గర్భాశయాలు తెచ్చి, తొట్టిలో నీళ్లు పోసి, ముందు వాటి మీద ప్రోబ్ ఆడించడం నేర్పవచ్చు. ఏ నలుపు నీరో, ఏది అండాశయమో, ఏది మూత్రాశయమో కంటికి అలవాటయ్యాకే పశువు దగ్గరికి పంపాలి. పశువు ముక్కుతుంటే తోక మొదట్లో వెన్ను దగ్గర లిగ్నోకైన్ మత్తు సూది ఇవ్వాలి. ఇవన్నీ వాళ్లకు తెలుసు. ఖర్చవుతుందని చేయలేదు.

నా సంచిలో నొప్పి తగ్గించే మెలాక్సికామ్ ఉంటే గేదెకు ఇచ్చాను. పేడలో రక్తం పడినా, మేత మానినా, వీపు వంచి నిలబడినా వెంటనే ఫోన్ చేయమని పనిచేసే అతనికి నా నంబరు ఇచ్చాను. ఈ ఉదయం అతనే చేశాడు. మేత మేస్తోందట, పేడలో ఇంకా ఎర్రని తీగ కనిపిస్తోందట, పూటకు రెండు లీటర్లు పాలు తగ్గిందట. "మా అయ్యగారికి ఏం చెప్పను డాక్టరమ్మా?" అని అడిగాడు. నాకు జవాబు దొరకలేదు. డెయిరీ యజమానికి నేనే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను, అందులో నా వంతు కూడా.

సర్టిఫికెట్ల సంగతి. బస్సు ఎక్కేటప్పుడు అందరి చేతిలో ఒకటి పెట్టారు. గేదెను తాకని 53 మందికీ "స్వయంగా శిక్షణ పొందినారు" అని రాసిచ్చారు. కింద పది క్రెడిట్లు, మండలి గుర్తింపు. ఈ ఉదయం రాష్ట్ర పశువైద్య మండలి కార్యాలయానికి ఫోన్ చేసి అడిగితే ఈ పేరుతో ఏ కార్యక్రమానికీ గుర్తింపు ఇవ్వలేదని చెప్పారు. ఐదు నిమిషాల పని. డబ్బు కట్టే ముందు ఆ ఐదు నిమిషాలు నేను వెచ్చించలేదు, అది పూర్తిగా నా తప్పు. డబ్బు వెనక్కి ఇవ్వమని సందేశం పెడితే "సర్టిఫికెట్ తీసుకున్నారు కదా" అని ఒక్క వాక్యం వచ్చింది. తర్వాత పది నిమిషాలకు నన్ను వాళ్ల వాట్సాప్ గ్రూపు నుంచి తీసేశారు. గ్రూపులో నిన్నటి ఫోటోలు కూడా చెరిపేశారట. నేను ముందే దాచుకున్నాను.

కట్టబోయేవాళ్లు మండలికి ఫోన్ చేసి గుర్తింపు సంగతి అడగండి. ఎన్ని పశువులు, ఎంతమంది, ఏ ప్రోబ్, ఇవి రాతపూర్వకంగా తీసుకోండి. ఇప్పటికే మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు, ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు. నిన్న నాతో ఉన్నవాళ్లలో వీడియో తీసినవారు ఉంటే నాకు పంపండి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద కూడా ఫిర్యాదు రాస్తున్నాను, అందులో నా పేరుతో పాటు ఆ కుర్రాడు కూడా సాక్షిగా సంతకం పెడతానన్నాడు.

వచ్చే నెల రెండో వారం విజయవాడలో ఇంకో బ్యాచ్ అని ఈ మధ్యాహ్నం కొత్త పోస్టరు వచ్చింది. అదే గేదె బొమ్మ, అవే 20 సీట్లు. అక్కడ ఏ డెయిరీవాళ్లు పశువును ఇవ్వడానికి ఒప్పుకున్నారో మీలో ఎవరికైనా తెలిస్తే, ముందు వాళ్లకు ఫోన్ చేయండి.